కోడలు ఆఫీసులో ఉండాది

ఉదయగిరి కొండ కింద పల్లెల్లో ఒకప్పుడు పొద్దుగూకిందని తెలుసుకోవడానికి ఎవరూ ఆకాశం వైపు చూసేవాళ్ళు కాదు. చెవులుంటే చాలు. కొండ దిగి మందలు ఇంటిదారి పట్టేవి. పొద్దుటి నుంచీ దొడ్లలో పడి ఉన్న గొర్రెపిల్లలు తల్లుల అలికిడి తెలియగానే అరుపు లంకించుకునేవి. తల్లులు బాట మీద నుంచే బదులు పలికేవి. ఆ దుమ్ములో, ఆ తోపులాటలో దేని పిల్లను అది వెతుక్కుంటుంటే, ఆడవాళ్ళు పొయ్యి రాజేస్తూ, మగవాళ్ళు ఒకరినొకరు కేకలేసుకుంటూ, ఊరంతా ఒకటే గోల. దాన్ని గోల అంటారని కూడా ఆ ఊరివాళ్ళకు తెలీదు. ఇప్పుడు పొద్దుగూకితే టీవీలు మోగుతాయి. ఊళ్ళో మిగిలిన మంద ఒక్కటే. అది ఓబులయ్యది.

ఓబులయ్యకు అరవై దాటాయి. సన్నటి మనిషి, ఎండకు కమిలిన ఒళ్ళు, భుజాన తువ్వాలు. మాటల మనిషి. మనుషులతో మాట్లాడేది ఒక వంతయితే గొర్రెలతో మాట్లాడేది మూడు వంతులు. వాటి వంశాలు తవ్వి మరీ తిడతాడు, మళ్ళీ తనే గడ్డం పట్టుకుని బుజ్జగిస్తాడు. ఆయన భార్య వెంకమ్మ దీనికి సరిగ్గా ఎదురు. పొద్దస్తమానం కలిపినా నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఎందుకమ్మా అట్లా ఉంటావని ఎవరైనా అడిగితే, ఈయన నాకేం మిగిల్చినాడు గనక మాట్లాడేదానికి అంటుంది. ఆ రోజుకు ఆమె మాటలు అయిపోయినట్టే.

పక్క దొడ్లవాళ్ళు ఒక్కొక్కరే మందలు అమ్ముకున్నారు. ఒకాయన కొడుకు ఆటో కొనుక్కున్నాడు. ఇంకొకాయన నెల్లూరులో అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు. కొండలో మేపు తగ్గింది, తిరిగే మోకాళ్ళు అరిగాయి, వంకలకేం కొదవ. ఓబులయ్య మాత్రం అమ్మలేదు. ఎందుకయ్యా అంటే, అమ్మితే సాయంత్రం పూట ఏం చేసేది అనేవాడు. అదేం జవాబని అడిగినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆయన వరకు అంతకంటే పెద్ద జవాబు లేదు.

ఆయనకు గుర్తొచ్చే పాతరోజులన్నీ చెవిలోనే ఉంటాయి. ఎండాకాలం కోతలయ్యాక రైతులు చేలల్లో మంద కట్టించుకునేవాళ్ళు. గొర్రెలు అక్కడ పడుకుంటే ఆ పెంట, ఆ ఉచ్చ నేలకు బలం. ఓబులయ్య వాళ్ళ నాయన మందంటే ఆత్మకూరు వైపు పెద్ద రైతులు సైతం ముందుగా కబురు పెట్టి మాట తీసుకునేవాళ్ళు. రైతు ఇంటి నుంచి సంకటి ముద్ద, ఊరిబిండి పచ్చడి వచ్చేది. తిని, చేలో గొంగడి పరుచుకుని పడుకుంటే మందంతా నెమరు వేసే చప్పుడు సన్నగా వినపడుతూ ఉండేది. నడుమ ఏదో ఒక గొర్రె కదిలితే గంట ఒక్కసారి మోగి ఊరుకునేది. అంత హాయైన నిద్ర ఆయన మళ్ళీ ఎరగడు. ఇప్పుడు రైతులకు యూరియా బస్తా ఉంది. బస్తాకు సంకటి పెట్టే పనిలేదు.

అలాంటి ఇంటికి కోడలుగా వచ్చింది జయశ్రీ.

ఆత్మకూరు పిల్ల. డిగ్రీ చదివి హైదరాబాదులో ఒక కంపెనీలో చేరింది. ఫ్రిజ్జులు, వాషింగ్ మిషన్లు చెడిపోయినవాళ్ళు ఫోన్ చేసి తిడితే, ఆ తిట్లన్నీ ఓపిగ్గా విని, ఫిర్యాదు రాసుకుని, మనిషిని పంపిస్తామని తియ్యగా చెప్పే ఉద్యోగం. కరోనా వచ్చి ఆ ఆఫీసును ఇళ్ళకు పంపించింది. కరోనా పోయాక కూడా కొందరిని ఇంటి నుంచే చేసుకోమన్నారు. ఓబులయ్య కొడుకు మాధవ్‌తో పెళ్ళయ్యాక జయశ్రీ ఆఫీసును ఒక సంచిలో పెట్టుకుని అత్తగారింటికి వచ్చేసింది. మాధవ్‌కు ఆత్మకూరు బస్టాండు దగ్గర బ్యాటరీల అంగట్లో పని. పొద్దున బైకు మీద పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. జయశ్రీ షిఫ్టు మధ్యాహ్నం మొదలై భోజనాల వేళకు ముగుస్తుంది.

వేరుశనగ బస్తాలు వేసుకునే గదిని ఖాళీ చేసి, సున్నం కొట్టి, బల్ల వేసి, ఇంటర్నెట్ వైరు లాగించారు. ఓబులయ్య ఆ గదిని మొదటి రోజు నుంచే ఆఫీసు అన్నాడు. చెప్పులు గడప బయట వదిలిగానీ తొంగిచూడడు. ఆయన తాతముత్తాతల్లో ఆఫీసు మెట్లెక్కినవాళ్ళే తక్కువ, ఎక్కినవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి దిగినవాళ్ళే. అలాంటిది ఆఫీసే వచ్చి ఆయన ఇంట్లో కాపురం పెట్టింది. టీ అంగడి దగ్గర కూర్చుంటే ఇదే ముచ్చట. విశాఖపట్నంలో ఎవరి ఫ్రిజ్జో చల్లబడకపోతే, మా కోడలు ఇక్కడ కూర్చుని దాన్ని చల్లబరుస్తుందని చెప్పేవాడు. వినేవాళ్ళు నమ్మినా నమ్మకపోయినా టీ ఆయన లెక్కలోనే తాగేవాళ్ళు.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ గది కిటికీ దొడ్డి వైపు తెరుచుకుంటుంది.

ఒకరోజు భోజనం దగ్గర జయశ్రీ ముద్ద కలిపి అట్లాగే కూర్చుంది. ఏమైందని మాధవ్ రెండుసార్లు అడిగాక చెప్పింది. కంపెనీవాళ్ళు తన ఫోన్లు విన్నారట. వెనక నుంచి శబ్దం వస్తోందట, మాట్లాడేవాళ్ళు విసుక్కుంటున్నారట, ఇట్లా ఉంటే తన పని లెక్కకు రాదని హెచ్చరిక పంపించారట. ఏం శబ్దమో ఆమె చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. అడగడానికేముంది, కిటికీ పక్కనే దొడ్డి. షిఫ్టు మంచి జోరు మీదుండే వేళకే మంద దిగుతుంది. పిల్లల అరుపులకు ఇంటి పెంకులు లేచిపోతాయి. మాధవ్ నాయన వైపు చూశాడు. ఓబులయ్య పళ్ళెం వైపు చూశాడు.

చెడ్డవాడు కాదు మాధవ్. నాయన మోకాళ్ళు చూస్తున్నాడు, కొండలో కాలుజారిన సంగతులు వింటున్నాడు. మంద అమ్మేద్దామని ఎప్పటినుంచో లోపల ఉన్నదే, ఆ రోజు నోటికొచ్చింది. ఇంకోసారి హెచ్చరిక వస్తే కొండాపురం వెంగయ్యకు కబురు పెడతానన్నాడు. వెంగయ్య గొర్రెల బేరగాడు. ఆ పేరు వినగానే ఓబులయ్య కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు. మాటల మనిషి మాట్లాడకపోవడం వెంకమ్మకు నచ్చక ఇంకాస్త మజ్జిగ పోసింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో గోల మీద యుద్ధం మొదలైంది. సేనాపతి ఓబులయ్యే. ముందు మిక్సీ బందయింది. వెంకమ్మ మూలన పడేసిన రుబ్బురోలు కడుక్కుని మళ్ళీ పచ్చడి నూరింది. అది తిని ఓబులయ్యకు వాళ్ళమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి, గోల తగ్గితే రుచి కూడా పెరుగుతుందన్నాడు. తర్వాత టీవీ మూగదయింది. బొమ్మలు కదుల్తాయి, మాట ఉండదు. మైకు పెట్టుకుని ఉల్లిగడ్డలమ్మే ఆటోకు ఆయన వీధి మొదట్లోనే ఎదురుపోయి అడ్డం నిలబడేవాడు. "మా కోడలు ఆఫీసులో ఉండాది, మైకు ఆపి పో" అనేవాడు. పక్కింటివాళ్ళు గట్టిగా పోట్లాడుకుంటే గోడ మీద నుంచి అదే మాట. ఊళ్ళో అది సామెతైపోయింది. టీ అంగట్లో ఎవడన్నా గొంతు పెంచితే పక్కవాడు వేలు పెదవుల మీద పెట్టి, రేయ్, ఓబులయ్య కోడలు ఆఫీసులో ఉండాది అనేవాడు. ఓబులయ్యకు కోపం రాలేదు సరికదా, అట్టా చెప్పండి అన్నట్టు తలూపేవాడు.

గొర్రెల్ని కూడా ఆయన ఒప్పించే తీరాలనుకున్నాడు. మంద దిగే వేళకు కిటికీకి వీపు ఆనించి నిలబడి వాటికి నచ్చజెప్పేవాడు, వినకపోతే తిట్టేవాడు. మధ్యమధ్య పిల్లిలా నడుచుకుంటూ పోయి తలుపు సందులోంచి తల పెట్టి, వినపడతా ఉండాదా అని సైగ చేసి అడిగేవాడు. జయశ్రీ ఒక చెవిలో ఎవరి తిట్లో వింటూనే నవ్వి, లేదు మామా అని చెయ్యి ఊపేది. ఆ నవ్వు వెనక ఇంకేదో ఉందని ఆయనకు తోచలేదు. మంచి పిల్ల, కష్టం చెప్పుకోదు అనుకున్నాడు. అందులో తప్పులేదు.

ఇంత చేసినా మళ్ళీ హెచ్చరిక వచ్చింది. ఈసారి జయశ్రీ ఇంట్లో చెప్పకుండా దాచింది. మాధవ్ ఆమె ఫోన్లో చూసి బయటపెట్టాడు. వెంగయ్యకు ఫోన్ చేయబోతుంటే జయశ్రీయే చెయ్యి పట్టుకుని ఆపింది, కొన్నాళ్ళు చూద్దామంది. ఓబులయ్య దొడ్డిలోకి పోయి చాలాసేపు గొర్రెల మధ్య కూర్చున్నాడు. ఇక మిగిలింది గంట ఒక్కటే అనుకున్నాడు.

మంద ముందు నడిచే ముసలి గొర్రె మెడలో ఒక ఇత్తడి గంట ఉంది. ఏ.ఎస్.పేట దర్గా గంధం ఉత్సవానికి పోయినప్పుడు వాళ్ళ నాయన అక్కడి అంగట్లో నాలుగైదు మోగించి చూసి ఏరుకొచ్చిన గంట. ఒక గొర్రె ముసలిదై పోతే ఇంకో గొర్రె మెడకు మారుతూ వచ్చింది. ముందు గొర్రె గంట వింటూ మిగతావి నడుస్తాయి. పొద మాటున ఉన్నా, మలుపు తిరిగినా, ఆ మోత ఎటుంటే మంద అటు. వాళ్ళ ఇళ్ళల్లో ఒక పట్టింపు కూడా ఉంది. మంద నిలిచి ఉన్నంతకాలం ఆ గంట మెడలోంచి తీయకూడదు. మంద అమ్మేసిన రోజే తీయాలి. గంట తీయడమంటే మంద లేనట్టే.

కనక ఓబులయ్య గంట తీయలేదు. పాత తువ్వాలు చింపి గంట నాలుకకు గట్టిగా చుట్టాడు. పట్టింపుకు పట్టింపు నిలిచింది, చప్పుడుకు చప్పుడు పోయింది. తన తెలివికి తనే మురిసిపోయాడు. మొదట్లో సాయంత్రం కొండ దిగేటప్పుడు చుట్టి పొద్దున్నే విప్పేవాడు. నాలుగు రోజులు పోయాక, రోజూ ఎవడు విప్పుతాడులే అని అట్లాగే వదిలేశాడు.

గొర్రెలవాడు తప్ప ఇంకొకడు చెయ్యలేని తప్పు అది. ఇంకొకడైతే గంట విప్పి ఇంట్లో పెట్టేవాడు, లేదన్న సంగతి గుర్తుండేది. ఇక్కడ గంట మెడలోనే ఊగుతోంది. ఊగే గంటను చూసినప్పుడల్లా ఓబులయ్య చెవి దాని మోత తనే వేసుకునేది. పుట్టినప్పటి నుంచీ విన్న చెవి కదా. గొర్రెలకు అలాంటి చెవి లేదు.

ఆ మధ్యాహ్నం కొండలో మేపుకుంటూ ఓబులయ్య బండ నీడన నడుం వాల్చాడు. కొండలో ఆయన నిద్ర ఎప్పుడూ సగం నిద్రే. గంట దూరమైతే మెలకువ వచ్చేది, దగ్గరుంటే కునుకు సాగేది. ఆ రోజు దూరం కావడానికి గంట మోత లేదు. కునుకు నిద్రయింది. కళ్ళు తెరిచేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. బండ చుట్టూ కాసిన్ని గొర్రెలు మాత్రం మేస్తున్నాయి. మిగతా మంద లేదు.

గట్టెక్కి చూశాడు, వాగు దిగి చూశాడు. తుమ్మపొదలు, బలుసు పొదలు, అంతే. గొర్రెలు ముందుదాని గంట వినపడక తలోదిక్కూ చీలిపోయాయి. కొండ అవతల ఊరకుక్కలు గుంపుగా తిరుగుతున్నాయని అంతకుముందు వారమే విన్నాడు. దొరికినవాటిని కొండ మొదటికి తోలుకొచ్చి, అక్కడ నిలబడి పిలవడం మొదలుపెట్టాడు. ఆయన పిలుపు వాటికి తెలుసు, కానీ కొండ సందుల్లో మారుమోగి వచ్చేసరికి ఆ పిలుపు ఎటు నుంచి వస్తోందో వాటికి తెలియాలి కదా. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది, ఆ తర్వాత చీలింది. భయమేసింది ఆయనకు. చిన్నప్పుడు ఒక్క గొర్రెను పోగొట్టుకుని ఇంటికి పోవడానికి భయపడి ఏడ్చిన రోజుల్లో కూడా అంత భయం వేయలేదు.

బాట మీద ఎవరో పరుగున రావడం కనిపించింది. ముందు జయశ్రీ, వెనక వెంకమ్మ. ఇద్దరి మధ్యా పెద్ద గంప, గంప నిండా గొర్రెపిల్లలు. జయశ్రీ మెడలో మాట్లాడుకునే హెడ్‌ఫోను అట్లాగే వేలాడుతోంది, దాని వైరు తెగిన తాడులా నడుం దాకా ఊగుతోంది. ఓబులయ్యకు ముందు గొర్రెలు గుర్తుకు రాలేదు.

"ఆఫీసు వదిలిపెట్టి వచ్చినావా తల్లీ?" అన్నాడు.

 జయశ్రీ గంప దించి పిల్లల్ని నేల మీద వదిలింది. రోజూ కిటికీ కింద చెవులు చిల్లులు పడేట్టు అరిచే పిల్లలు కొత్త చోటు చూసి బిక్కచచ్చి నోరు మెదపలేదు. జయశ్రీ ఒక్కొక్కదాన్నే ఎత్తి, అరువే, అరువు తల్లీ అని బతిమాలింది. రోజుల తరబడి ఆ ఇంట్లో అందరూ ఆపాలని చూసిన అరుపు అది. వెంకమ్మ కోడల్ని పక్కకు జరగమని ఒక పిల్ల చెవి పట్టి నొక్కింది. అది కేరుమంది. దాన్ని చూసి ఇంకొకటి, ఆ తర్వాత అన్నీ. కొండ మొదలంతా మారుమోగింది.

కాసేపటికి పడమటి సందులోంచి ఒక తల్లి బదులు పలికింది. ఇంకో పక్క నుంచి ఇంకొకటి. పొదలు కదిలాయి. తల్లులు దిగాయి, వాటి వెనక మిగతావి దిగాయి, అన్నిటికంటే ఆఖర్న ముసలి గొర్రె, గుడ్డ చుట్టిన గంట ఊపుకుంటూ. ఓబులయ్య నేల మీద కూలబడి ఆ గుడ్డను పళ్ళతో లాగి చింపేశాడు. ఇంటికి చేరాక చూస్తే ఒక పిల్లకు మాత్రం తల్లి రాలేదు. మర్నాడు వెతికినా దొరకలేదు. ఆ పిల్లకు వెంకమ్మ సీసాతో మేకపాలు పట్టింది. అది తాగుతూ తాగుతూ మధ్యలో ఆపి తలుపు వైపు చూస్తుంటే ఓబులయ్య అక్కడ ఉండలేకపోయేవాడు.

ఇక ఆఫీసు సంగతి. జయశ్రీ ఎవరో వాషింగ్ మిషనాయన మాట్లాడుతూ ఉండగానే లేచి వచ్చేసింది. కొండ మొదట్లో మామ పిలుపు చీలిపోవడం కిటికీలోంచి విన్నది, విన్నాక కూర్చోలేకపోయింది. కంపెనీ నుంచి మూడో హెచ్చరిక వచ్చింది. మాధవ్ ఇంకేమీ అనకముందే ఓబులయ్యే వెంగయ్యను రమ్మను అన్నాడు. తన గొర్రెల మోత ఆ పిల్ల అన్నం తీసేస్తోందని, మోత ఆపబోతే గొర్రెలే పోతున్నాయని, రెంటికీ చెడ్డానని అన్నాడు. మాధవ్‌కు గెలిచినట్టు అనిపించలేదు. అడగకుండానే నాయన ఒప్పుకుంటే అతనికి బాధేసింది. అయినా ఫోన్ చేశాడు.

ఆదివారం పొద్దున వెంగయ్య వచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి వెంకమ్మ టీ ఇచ్చింది. వెంగయ్య గ్లాసు పట్టుకునే దొడ్డిలో తిరిగి, వెన్నుల మీద చెయ్యేసి చూసి, మంచి జోడిపి జాతి గొర్రెలు, ఇట్టాంటి మంద ఈ పక్క ఇంక లేదు అన్నాడు. బేరగాడి నోట పొగడ్త వస్తే బేరం కుదిరినట్టే. ఓబులయ్య ముసలి గొర్రె దగ్గర గొంతుక్కూర్చుని దాని మెడ తాడు ముడి మీద చెయ్యేశాడు. ముడి బిగిసిపోయి ఉంది. గోళ్ళతో ఎంత లాగినా ఇంకా ఊడి రాలేదు.

జయశ్రీ గదిలోంచి ఫోన్ పట్టుకుని వచ్చింది.

"మామా, ఆ గంట తీయబాక" అంది. "కంపెనీవాళ్ళకు గొర్రెలు వినపడలేదు. ఒక్కరోజు కూడా వినపడలేదు."

ఓబులయ్య తలెత్తి చూశాడు. జయశ్రీ మొహం ఎర్రబడింది. చెప్పకూడదని ఇన్నాళ్ళు బిగపట్టుకున్న సంగతి గబగబా చెప్పేసింది. ఆ కంప్యూటర్‌లో ఒక ఏర్పాటు ఉందట. ఫ్యాను, కుక్క, గొర్రె, గంట, మిక్సీ, ఏ మోతనైనా అవతలివాళ్ళకు పోకుండా మింగేస్తుందట. మనిషి గొంతును మాత్రం మింగలేదట.

"వాళ్ళకు వినపడింది నువ్వు మామా."

 గొర్రెలు వాటి మానాన అవి అరుస్తున్నాయి.

"నా కోసం నువ్వు పిల్లిమాదిరి నడస్తా ఉంటే, నోరు ముయ్యమని నీకెట్టా చెప్పేది?" అంది జయశ్రీ. చెప్పాలనుకున్న రోజే ఆయన మిక్సీ ఆపించాడు, టీవీ ఆపించాడు. ఇంకో రోజు చెబుదామనుకుంటే గంటకు గుడ్డ చుట్టాడు. ఆయన ఎంత చేస్తే ఆమెకు అంత నోరు పెగల్లేదు. నిన్ననే టీమ్ లీడరుకు సంగతంతా చెప్పుకుందట. ఆమె పడీపడీ నవ్వి, మనిషి గొంతు రాకుండా చూసుకుంటే ఉద్యోగానికి ఢోకా లేదందట. హెచ్చరిక తెచ్చిపెట్టిన ఆ ఫోన్ మాటల రికార్డింగు ముక్క కూడా ఆమే పంపిందట.

మాధవ్ నమ్మలేదు. వినిపించమన్నాడు. జయశ్రీ మామ వైపు ఒకసారి చూసి ఫోన్ నొక్కింది.

గొర్రె ఒక్కటి లేదు అందులో. గంట లేదు. నిశ్శబ్దంగా ఉన్న చోట జయశ్రీ మెల్లగా మాట్లాడుతోంది, మీ మిషను ఏ సంవత్సరంలో కొన్నారండీ అని. అంతలో ఉరిమినట్టు ఒక మగగొంతు: "నోరు ముయ్యండే, మీ వంశం మండ! మా కోడలు ఆఫీసులో ఉండాది! దాని ఉజ్జోగం పోతే మీరు తెచ్చి పెడతారంటే?" ఆ వెంటనే అవతలి మనిషి అడిగాడు, అమ్మా, మీది ఆఫీసా, సంతా అని.

వెంకమ్మకు నవ్వొచ్చింది. ఆమె నవ్వు విని ఎన్నాళ్ళయిందో, మాధవ్‌కూ ఆగలేదు. ఈ ఇంట్లో గోలంతా ఈయనదేనని పెళ్ళయినకాడి నించీ నేను అంటానే ఉండా, కంప్యూటర్ చెప్తేగానీ ఎవరూ వినలేదు అంది వెంకమ్మ. రేపటి నుంచి సాయంత్రం మంద తనే దొడ్డికి తోలుకుంటానంది, ఈయన్ను టీ అంగడి దగ్గర కూచోబెట్టండి అంది. వెంగయ్య కూడా టీ ఒలికిపోయేట్టు నవ్వాడు. నవ్వి, ఓబులయ్య వైపు చూసి ఆపేశాడు.

ఓబులయ్య నవ్వడం లేదు. సిగ్గుపడటమూ లేదు. ముసలి గొర్రె మెడ మీద చెయ్యి అట్లాగే ఉంచి, ఫోన్ వైపు చూస్తున్నాడు.

"ఇంకోసారి పెట్టమ్మా" అన్నాడు.

పెట్టింది. ఆయన తల పక్కకు వంచి విన్నాడు.

"ఇది నేను కాదు తల్లీ" అన్నాడు. "మా నాయన."

నువ్వే నాయనా అన్నాడు మాధవ్. ఓబులయ్య తల అడ్డంగా ఊపాడు. వాళ్ళ నాయన పోయి ముప్పై ఏళ్ళ పైమాటే. గోడ మీద ఒక ఫోటో ఉంది, అందులో ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని కెమెరాకు భయపడుతూ ఉంటాడు. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఏ తిట్టు ఎప్పుడు తిట్టాడో, చేలో పడుకుని ఏ మాట చెప్పాడో అన్నీ ఓబులయ్యకు గుర్తే, ఆ మాటలు ఎట్లా వినపడేవో మాత్రం పోయింది. ఎన్నోసార్లు కొండలో ఒక్కడే కూర్చుని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు, రాలేదు. మనిషి తన గొంతు తాను బయట నుంచి వినడు. ఓబులయ్య జన్మలో మొదటిసారి విన్నాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

వెంగయ్య గ్లాసు అరుగు మీద పెట్టి, చెప్పులు వేసుకుని, కొండాపురం బస్సు వేళయిందని ఎవరికో చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు. అతన్ని ఎవరూ ఆపలేదు. జయశ్రీ మామ పక్కన దొడ్డి మట్టిలోనే కూర్చుని, అడక్కముందే మళ్ళీ పెట్టింది. నోరు ముయ్యండే అన్నాడు ఆ గొంతులోని పెద్దాయన. మా కోడలు అన్నాడు. అక్కడ ఓబులయ్య చెయ్యెత్తి ఆపమన్నాడు.

"విన్నావా" అన్నాడు జయశ్రీతో. "మా నాయన నిన్ను చూడను కూడా చూళ్ళేదు. కోడలంటా ఉండాడు."